మహమ్మారి నాటి పంటి బాధ – మన పేటలు నేర్వవలసిన పాఠము

పంటి నొప్పి పగవానికి కూడ రాకూడదని మన పెద్దలు అందురు. వచ్చినవానికి రాత్రి నిద్ర యుండదు, పగలు మగ్గము మీద మనసు నిలువదు. అట్టి నొప్పి వచ్చినను చూపించుకొనుటకు చోటు దొరకని రోజులు 2020వ సంవత్సరములో మన దేశమున నెలల తరబడి నడిచినవి. కోవిడ్ అనగానే మనకు ఊపిరి, ఆక్సిజను, ఆస్పత్రి మంచము జ్ఞాపకము వచ్చును. నోరు, పన్ను జ్ఞాపకము రావు. కాని ఆ మహమ్మారిలో ముందుగా తలుపులు మూసికొని ఆలస్యముగా తెరచిన వైద్యములలో దంతవైద్యము ఒకటి. అది ఎందుకట్లు జరిగినది, దాని బరువు ఎవరిపై పడినది, మరల అట్టి కాలము వచ్చినచో మన నేత కుటుంబములు ముందుగా ఏమి సిద్ధము చేసికొనవలెను అను విషయములను ఈ వ్యాసములో వివరింతుము.

తలుపులు మూసిన విధము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించినది. మార్చి 25 నుండి మన దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చినది. రైళ్లు, బస్సులు ఆగినవి. సోలాపురము, భివండి పట్టణములలో మరమగ్గముల చప్పుడు ఆగినది. బరంపురములోను, కంచిలోను పట్టుచీరెలు మగ్గముల మీదనే నిలిచిపోయినవి. ఆ వారములోనే వీధి చివరనున్న పళ్ల డాక్టరు గది కూడ మూతబడినది.

జ్వరమునకు మందిచ్చు వైద్యుడు రోగికి నాలుగడుగుల దూరములో కూర్చుండి మాటలాడగలడు. పళ్ల డాక్టరు అట్లు చేయలేడు. రోగి మాస్కు తీసి నోరు తెరువవలెను. డాక్టరు జానెడు దూరములో ముఖము పెట్టి పని చేయవలెను. పన్ను తొలుచు గాలి యంత్రము నిమిషమునకు మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగును. ఆ వేడికి పన్ను చెడకుండ దాని మొనపై నీరు చిమ్ముచుండును. ఆ నీరు, రోగి ఉమ్మి, రక్తము కలిసి కంటికి కనబడని తుంపరలై గదిలో తేలును. గారను తీయు యంత్రము కూడ ఇట్టిదే. ఉమ్మిలోను, ఊపిరిలోను పురుగు దాగియున్న రోగమునకు ఇంతకంటె అనుకూలమైన స్థలము వేరొకటి లేదు.

కావున 2020 మే 19న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దంతవైద్యులకు ప్రత్యేక నియమములను వెలువరించినది. రోగము ముదిరి కట్టడి చేసిన ప్రాంతములలో దంతవైద్యశాలలు మూసియుండవలెను, ఫోనులో సలహా మాత్రము ఇయ్యవచ్చును. తక్కిన ప్రాంతములలో అత్యవసరమైన పనులు మాత్రమే చేయవలెను. పళ్లు శుభ్రము చేయుట, కట్టుడు పళ్లు, వంకర పళ్లు సరిచేయుట వంటివి వాయిదా వేయవలెను. ఆగస్టు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ రోగము విస్తరించిన చోట్ల అత్యవసరము కాని దంత చికిత్సను ఆపుమని సలహా ఇచ్చినది.

ఈ నియమములు అప్పటికి తప్పు కావు. అయితే తగిన రక్షణతో పని చేసినచో డాక్టరును కాపాడవచ్చునని త్వరలోనే తెలిసినది. 2020 జూన్‌లో అమెరికా దంతవైద్యులను విచారింపగా వారిలో ఆ రోగము సోకినవారు నూటికి ఒకరికంటె తక్కువగా తేలినారు. రక్షణ ఉన్నది. ఆ రక్షణకు కావలసిన వెల బీద దేశములో ఎవరు ఇయ్యగలరు అనునదే చిక్కు.

బీద దేశపు చిక్కులు

మొదటి చిక్కు పంపకములో ఉన్నది. భారతదేశములో మూడు వందలకు పైగా దంత కళాశాలలు కలవు; ఏటేట వేలాది మంది పట్టము పుచ్చుకొని వచ్చుచున్నారు. కాని వారిలో ఎక్కువమంది పట్టణములలోనే గది తెరచి కూర్చుందురు. పల్లెలకు, కూలీలు నివసించు పేటలకు వచ్చువారు తక్కువ. మామూలు రోజులలో బస్సెక్కి పట్టణమునకు పోయి చూపించుకొని వచ్చెడివారికి బస్సు ఆగగానే డాక్టరు కూడ లేనివాడైనాడు.

ఒడిషాలో దంతవైద్యమునకు పేరుపొందిన ప్రభుత్వ కళాశాల కటకములో ఉన్నది. బరంపురపు నేతగానికి అది దూరప్రయాణము. యానాము పుదుచ్చేరి పాలనలోనిది. పుదుచ్చేరిలోని ప్రభుత్వ దంత కళాశాల అక్కడికి వందల కిలోమీటర్ల దూరము. చుట్టును ఉన్నది ఆంధ్ర రాష్ట్రము. మామూలు రోజులలో కాకినాడకు పోయి రావడము యానామువారికి పెద్ద పని కాదు; సరిహద్దున రాకపోకలు ఆపిన నాడు ఆ కొద్ది దూరమే గోడయైనది. భివండి పద్మానగరములోని మనవారిలో ఎందరో పని లేక తెలంగాణములోని స్వగ్రామములకు తరలిపోయినారు. వారికి సగము చేసిన చికిత్స ఒక ఊరిలో, నొప్పి మరియొక ఊరిలో అయినది.

రెండవ చిక్కు డబ్బు. పంటి చికిత్సకు మన దేశములో ఎక్కువ భాగము రోగి తన చేతి డబ్బే పెట్టుకొనవలెను. ఆయుష్మాన్ భారత్ వంటి బీమా పథకములు ముఖ్యముగా ఆస్పత్రిలో చేర్చుకొని చేయు చికిత్సకు ఉద్దేశింపబడినవి. పన్ను నింపుట, వేరు చికిత్స వంటివి సాధారణముగా వాని లెక్కలోనికి రావు. ఆనాడు ఈ.ఎస్.ఐ. పదిమంది గాని అంతకు మించి గాని పనివారున్న ఫ్యాక్టరీలకు వర్తించెడిది. నలుగురైదుగురు పని చేయు చిన్న మరమగ్గాల షెడ్డులోనివారికి, ఇంటి మగ్గము నేయువారికి, ఇంట కూర్చుండి బీడీలు చుట్టు ఆడవారికి ఆ నీడ లేదు. మగ్గము ఆగి మజూరి రాని నెలలో ఇంటివారు మొదట బియ్యము చూచుకొందురు. పన్ను తరువాతి మాట.

మూడవ చిక్కు డాక్టరు పక్షమునది. మన పేటలలోని పళ్ల డాక్టరు చాలవరకు ఒక గదిలో ఒక కుర్చీ వేసికొన్నవాడు. కొన్ని గదులకు కిటికీ కూడ యుండదు. ఒక రోగి వెళ్లిన తరువాత గాలి మారువరకు ఆగి, గది తుడిచి, తరువాతి రోగిని పిలువవలెనన్నచో రోజుకు పదిమందిని చూచెడివాడు ముగ్గురిని చూడగలడు. ప్రతి రోగికి పై అంగీ, చేతి తొడుగులు, మాస్కు, ముఖకవచము కావలెను. ఆ ఖర్చు రోగి ఇయ్యలేడు, డాక్టరు భరింపలేడు. అప్పు చేసి కుర్చీ కొన్న యువ వైద్యులు కొందరు గదులు మూసినారు. తక్కువ ఖర్చుతో చికిత్స దొరకెడి దంత కళాశాలలలో విద్యార్థులను ఇండ్లకు పంపివేసినారు. ప్రభుత్వ దంతవైద్యులలో అనేకులను కోవిడ్ పరీక్షలకు నమూనాలు తీయు పనికి మార్చినారు.

ఈ రక్షణ వస్త్రముల విషయము మన వృత్తివారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. ఆ రోజులలో మన ఆడపడుచులు ఇండ్లలో వేలాది నూలు మాస్కులు కుట్టినారు. వీధిలో నడుచువానికి అవి మేలే చేసినవి. పళ్ల డాక్టరుకు మాత్రము అవి చాలవు. ఎన్-95 మాస్కులోని వడపోత పొర పడుగు పేకలతో నేసినది కాదు. కరగించిన ప్లాస్టికును గాలితో సన్నని పోగులుగా చిమ్మి, వానికి విద్యుత్తు పట్టించి పొరగా పరచినది. దుమ్మును, తుంపరలను పోగుల సందు ఆపుటయే గాక ఆ విద్యుత్తు కూడ లాగి పట్టును. పై అంగీలు కూడ చాలవరకు ఇట్టి నేయని గుడ్డతోనే తయారైనవి. 2020 ఆరంభములో మన దేశములో ఆ అంగీల తయారీ లేదనదగినంత స్వల్పము. మే మాసము నాటికి రోజుకు లక్షల సంఖ్యలో తయారైనవి. అయినను మొదట అవి కోవిడ్ వార్డులకే పోయినవి. చిన్న పట్టణపు పళ్ల డాక్టరు వరుసలో చివరివాడు.

నాలుగవ చిక్కు భాష. ఫోనులో సలహా పొందవచ్చునన్నారు, మంచిదే. కాని ఇంటిలో నొప్పి పడుచున్న అత్తగారు తెలుగు తప్ప వేరు మాట సరిగా ఎరుగదు; అవతల డాక్టరు మరాఠీలోనో, కన్నడములోనో, ఒడియాలోనో అడుగును. కోడలు నడుమ నిలిచి చెప్పవలెను. "సలుపుచున్నదా, గుచ్చుచున్నదా, చల్లనీళ్లకు జివ్వుమనునా, రాత్రి పడుకొన్నప్పుడు ఎక్కువగునా" అను భేదములలోనే రోగ నిర్ణయమున్నది. ఆ భేదము మాట మారుటలో పోయినచో సలహా కూడ మారిపోవును.

ఆగిన చికిత్స ఏమి చేసినది

పడుగులో ఒక పోగు తెగినప్పుడు వెంటనే అతికినచో నిమిషము పని. చూడనట్లు నేసికొనిపోయినచో ఆ లోపము గుడ్డ పొడవునా పోవును. పన్ను కూడ అట్టిదే. చిన్న గుంటగా ఉన్నప్పుడు ఒక పూటలో నింపవచ్చును. అది లోపలి నరమును తాకిన తరువాత వేరు చికిత్స కావలెను. దానికి ఖర్చు అనేక రెట్లు. అదియు జరుగనిచో పీకివేయుటయే మిగులును. ఆరు నెలలు ఆగుట యనగా ఎందరికో మొదటి మెట్టు నుండి మూడవ మెట్టునకు పోవుట.

ఈ మధ్యకాలములో చాలామంది మందుల దుకాణమును ఆశ్రయించినారు. నొప్పి మాత్రలు, వానితోబాటు యాంటీబయాటిక్ మాత్రలు అడిగి తెచ్చుకొన్నారు. లోపలి నరము వాచి సలుపు నొప్పికి యాంటీబయాటిక్ పని చేయదు. చీము వ్యాపించి వాపు, జ్వరము వచ్చినప్పుడే దానికి పని కలదు. అప్పుడు కూడ చీమునకు దారి చేయుటయే ముఖ్య చికిత్స. నొప్పి మాత్రను చిగురుపై నలిపి పెట్టు అలవాటు కొందరికి కలదు. అది చిగురును కాల్చును, నొప్పిని తగ్గింపదు.

దీనికంటె భయంకరమైనది నోటి పుండు. ప్రపంచములోని నోటి క్యాన్సరు కేసులలో సుమారు మూడవ వంతు మన దేశములోనే యున్నవి. దీనికి ముఖ్య కారణము పొగాకు. మనము స్థిరపడిన ప్రాంతములను బట్టి దాని వేషము మారును: మహారాష్ట్రములో పొగాకును కాల్చి పొడిచేసి పళ్లు తోముకొను మిశ్రీ, ఒడిషాలో గుడాఖు, అన్ని చోట్లను గుట్కా, ఖైనీ, జర్దా. పళ్లకు మంచిదనుకొని మన ఇండ్లలోని పెద్ద ఆడవారు కూడ మిశ్రీ, గుడాఖు వాడుచున్నారు. తెల్లని మచ్చగా, మానని చిన్న పుండుగా ఉన్నప్పుడు కనిపెట్టినచో ఈ రోగమునకు చికిత్స సులభము. ఆ మచ్చను సాధారణముగా మొదట చూచువాడు పళ్ల డాక్టరే. ఆయన గది మూసియున్న నెలలలో ఆ మచ్చను చూచువారు లేకపోయినారు.

2021 మే మాసములో రెండవ తరంగమునందు మరియొక ఆపద వచ్చినది. నల్ల బూజు రోగమని పత్రికలు వ్రాసిన మ్యూకర్‌మైకోసిస్ వ్యాధి కోవిడ్ నుండి కోలుకొన్నవారికి సోకినది. మధుమేహము అదుపులో లేనివారికి, స్టిరాయిడ్ మందులు మితిమీరి పడినవారికి ఇది ఎక్కువగా వచ్చినది. మే 20న కేంద్ర ప్రభుత్వము దీనిని తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటింపుమని రాష్ట్రములను కోరినది. చాలామందికి మొదటి గుర్తు నోటిలోనే కనబడినది: పై పళ్లు కారణము లేక కదలుట, చిగుళ్ల నుండి చీము, అంగిలి నల్లబడుట, చెంప తిమ్మిరి. వీనిని పంటి నొప్పిగా భావించి ఇంట నుండినవారు దవడ ఎముకను, కొందరు కన్నును, కొందరు ప్రాణమును కోల్పోయినారు. పన్ను మిగిలిన దేహము నుండి వేరుగా లేదని ఇంతకంటె గట్టిగా చెప్పు నిదర్శనము అక్కరలేదు.

తక్కువ సాధనములతో నిలిచిన పద్ధతులు

ఆ నెలలలో కొన్ని పద్ధతులు నిలువగలిగినవి. యంత్రము అక్కరలేనివే నిలిచినవని గమనింపవలెను.

1980 దశకము మధ్యలో ఆఫ్రికాలోని టాంజానియా దేశమున, కరెంటు లేని పల్లెలకు పనికివచ్చునట్లు ఒక చికిత్సా విధానమును రూపొందించినారు. పుచ్చిన మెత్తని భాగమును చిన్న చెంచా వంటి చేతి పనిముట్టుతో గీకివేసి, గుంటను గ్లాస్ అయోనోమర్ అను సిమెంటుతో నింపుదురు. ఆ సిమెంటు పంటికి అంటుకొని, కొద్దికొద్దిగా ఫ్లోరైడును వదలి పన్నును కాపాడును. తిరుగు యంత్రము లేదు, నీటి చిమ్ముడు లేదు. కావున గాలిలో తుంపరలు కూడ అతి స్వల్పము. చాలా సందర్భములలో మత్తు సూది అక్కర కూడ యుండదు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ప్రోత్సహించినది. బీదవారి కొరకు పుట్టిన ఈ చేతిపని మహమ్మారి నాడు సంపన్న దేశముల వైద్యులకు కూడ ఆదరణీయమైనది.

రెండవది సిల్వర్ డయమైన్ ఫ్లోరైడు అను ద్రవము. పుచ్చు మీద దీనిని పూసినచో పుచ్చు ముందుకు పోకుండ ఆగును. ఆ చోటు నల్లబడుట దీని లోపము. పిల్లల పాల పళ్లకు, ముసలివారి దంతములకు ఆ లోపము సహింపదగినదే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర ఔషధముల పట్టికలో గ్లాస్ అయోనోమర్ సిమెంటును, ఈ ద్రవమును, ఫ్లోరైడు గల పళ్ల పేస్టును చేర్చినది. ఇవి విలాస వస్తువులు కావనియు, ప్రతి దేశము ప్రజలకు అందుబాటులో ఉంచవలసినవనియు దీని భావము. పుచ్చు నరమును తాకిన తరువాత మాత్రము ఈ పద్ధతులు పనికిరావు. ఆలస్యము చేయకుండ వచ్చినవానికే ఈ సులభ మార్గము.

మన శాఖలు చేయదగిన పనులు

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. ముప్పు దాటినదని మనము కూడ మరచిపోయినాము. మరల ఏదో ఒకనాడు దారులు మూతబడవచ్చును. మహమ్మారియే కానక్కరలేదు, వరద కావచ్చును, సమ్మె కావచ్చును, మజూరి లేని నెల కావచ్చును. అందుచేత ప్రతి శాఖ ఈ క్రింది పనులను ఆలోచింప కోరుచున్నాము.

ఒకటి: సమీపములోని దంత కళాశాలకు శాఖ తరఫున ఉత్తరము వ్రాసి, ఏటికొకసారి పేటలో పరీక్షా శిబిరము పెట్టింపవలెను. కళాశాలలకు ఇట్టి శిబిరములు విద్యార్థుల శిక్షణలో భాగము. అడిగినచో సాధారణముగా కాదనరు. పుచ్చు చిన్నదిగా ఉన్నప్పుడే చేతి పద్ధతితో నింపుమని కోరవలెను. ఆనాడే నలుబది ఏండ్లు దాటినవారి నోటిలోని మచ్చలను కూడ చూపింపవలెను.

రెండు: ప్రతి పేటలోను తెలుగు, స్థానిక భాష రెండును బాగుగా వచ్చిన ఇద్దరు యువతీయువకులను ఏర్పరచి, వారి ఫోను నంబర్లను సంఘ భవనములో వ్రాసి ఉంచవలెను. డాక్టరుతో ఫోనులో మాటలాడవలసి వచ్చినప్పుడు పెద్దలకు వారు తోడుగా నుందురు.

మూడు: శాఖలో మధుమేహము గలవారు తమ మందు చీటీని, చక్కెర లెక్కను ఒక పుస్తకములో వ్రాసికొనునట్లు ప్రోత్సహింపవలెను. చక్కెర అదుపు తప్పినచో చిగుళ్లు చెడును. చిగుళ్లు చెడినచో చక్కెర మరింత అదుపు తప్పును.

నాలుగు: నిధిలో కొంత మొత్తమును పంటి అత్యవసరములకు ప్రత్యేకించి, రోగికి అప్పుగా ఇచ్చి సులభ వాయిదాలలో తిరిగి తీసికొనవచ్చును.

ఇండ్లలో చేయవలసినవి ఇంకను సులభము. ఫ్లోరైడు గల పేస్టుతో ఉదయము, రాత్రి పడుకొనుటకు ముందు పళ్లు తోముకొనవలెను. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేండ్ల బిడ్డకు బఠాణీ గింజంత పేస్టు చాలును. నల్లగొండ వంటి ప్రాంతముల వలె నీటిలోనే ఫ్లోరైడు మిక్కుటముగా ఉన్న చోట చిన్నపిల్లల విషయములో డాక్టరును అడిగి వాడవలెను. మిశ్రీ, గుడాఖులను పళ్ల పొడిగా భావించుట మానవలెను.

మన వృత్తిలోని ఒక అలవాటును కూడ ఇక్కడ చెప్పక తప్పదు. నూలు పోగును పంటితో తెంపుట మగ్గము వద్ద అందరును చేయుదురు. ఏండ్ల తరబడి అట్లు చేసినచో ముందు పళ్ల అంచున గాటు పడును. పింగాణి అరిగి పన్ను జివ్వుమనును. పోగు తెంపుటకు చిన్న కత్తెరను మగ్గమునకు దారముతో కట్టి ఉంచుకొన్నచో ఆ బాధ లేదు.

ఆగరాని గుర్తులు

దారులు మూసియున్నను ఈ గుర్తులు కనబడినచో ఇంట ఆగకూడదు. పళ్ల డాక్టరు లేకున్నను పెద్దాస్పత్రికి పోవలెను. దవడ క్రిందికి, మెడలోనికి, కంటి వైపునకు పాకు వాపు, వాపుతో కూడిన జ్వరము, నోరు తెరువలేకపోవుట, మ్రింగుటకు గాని ఊపిరి తీయుటకు గాని కష్టమగుట, పన్ను తీసిన తరువాత ఆగని రక్తము, దెబ్బ తగిలి పన్ను ఊడుట, దవడ విరుగుట, పై పళ్లు హఠాత్తుగా కదలుట, అంగిలి నల్లబడుట. రెండు వారములలో మానని పుండు అదే రోజు అత్యవసరము కాకపోయినను వాయిదా వేయదగినది కాదు.

ఊడిన పక్కా పన్నును వేరు పట్టుకొనక, పై భాగము పట్టుకొని తీసి, పాలలో వేసికొని వెంటనే డాక్టరు వద్దకు పోయినచో దానిని మరల నిలుపు అవకాశము కలదు. ఈ సంగతి పిల్లలున్న ప్రతి ఇంటివారు తెలిసికొని యుండవలెను.

ఈ గుర్తుల పట్టికను ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి శాఖా కార్యాలయములోను, మరమగ్గాల షెడ్డులలోను అంటింప కోరుచున్నాము. శిబిరము పెట్టింపదలచిన శాఖలు తమ పేటలోని కుటుంబముల సంఖ్యను, సమీప దంత కళాశాల పేరును శాఖా సమావేశములో నిర్ణయించి, వేసవి సెలవులకు ముందే ఉత్తరము పంపుట మంచిది.